ఓటు హక్కు అడిగితే రేషన్ బంద్

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఒక్కసారైనా పత్తి తోలినవాళ్ళకు కాంటా దగ్గర నిలబడితే వచ్చే టెన్షన్ ఏంటో చెప్పక్కర్లేదు. తేమ ఎక్కువుందంటారు, రంగు మారిందంటారు, తరుగు తీస్తారు, అప్పటికే సగం డబ్బులు మందుల షాపాయన ఉద్దెర కింద పోవాల్సి ఉంటుంది. మాది పరకాల వైపు ఊరు. నాయన కాలం నుంచి పత్తి, అంతకుముందు జొన్న. అందుకేనేమో, అమెరికాలో నల్లజాతి వాళ్ళు చేసిన హక్కుల పోరాటం గురించి చదవడం మొదలుపెడితే వాషింగ్టన్ సభ, ఆ గొప్ప ఉపన్యాసం వీటన్నిటికంటే ముందు మిసిసిపి రాష్ట్రంలో ఒక పత్తి కాంటా దగ్గర నిలబడ్డ ఆడమనిషి నన్ను పట్టుకుంది.

ఆమె పేరు ఫానీ లూ హేమర్. 1917లో పుట్టింది. పాలుకు సేద్యం చేసే కూలీల ఇంట్లో ఇరవయ్యో సంతానం. ఆరేళ్ళకే పత్తి ఏరడానికి పోయింది. పెళ్ళయ్యాక రూల్‌విల్ అనే ఊరి దగ్గర ఒక తెల్లాయన ప్లాంటేషన్‌లో చేరింది, కాస్త చదవడం రాయడం వచ్చు కాబట్టి ఎవరెంత ఏరారు, ఎన్ని గంటలు చేశారు అని లెక్క రాసే పని ఇచ్చారు. అక్కడి కాంటా ఎటు మొగ్గేదో వేరే చెప్పాలా? యజమాని పక్కన లేనప్పుడు ఆమె అతని తూకం రాయి తీసేసి తను తెచ్చుకున్న సరైన రాయి పెట్టి తూచేదట, ఆ కాసేపట్లో వచ్చినవాళ్ళకు న్యాయమైన లెక్క పడేది. ఉద్యమం లేదు, జెండా లేదు, పేపర్లో వార్త లేదు. దొరికితే పని పోయేది, అంతే.

ఈమెకు నల్లవాళ్ళకు కూడా ఓటు హక్కు ఉందన్న సంగతి మొదటిసారి తెలిసింది 1962 ఆగస్టులో, ఊళ్ళో చర్చిలో జరిగిన మీటింగ్‌లో. అప్పటికి 44 ఏళ్ళు. ఆ దేశ రాజ్యాంగం పదిహేనో సవరణతో జాతి, రంగు చూసి ఓటు ఆపకూడదని రాసుకున్నది 1870లో. మధ్యలో తొంభై రెండేళ్ళు ఏం జరిగినట్టు?

మనకు స్కూల్ పుస్తకాల్లో ఈ కథ బస్సులో సీటు దగ్గర మొదలై ఒక ఉపన్యాసం దగ్గర ఆగిపోతుంది. రోజా పార్క్స్ పాపం అలసిపోయి తెల్లాయనకు సీటు ఇవ్వడానికి లేవలేదట, మార్టిన్ లూథర్ కింగ్ గారు నాయకత్వం వహించారట, చట్టాలు వచ్చాయట. ఈ చెప్పే పద్ధతి నాకు నచ్చదు. రోజా పార్క్స్ పన్నెండేళ్ళుగా నల్లజాతి హక్కుల సంఘంలో పనిచేస్తున్న మనిషి, అరెస్టుకు నాలుగు నెలల ముందే టెన్నెస్సీలో హైలాండర్ అనే శిక్షణ కేంద్రానికి వెళ్ళి వచ్చింది. అలసట ఒక్కటే కారణమైతే మాంట్‌గోమరీ ఊరు 381 రోజులు బస్సెక్కకుండా ఉండదు. సరే, అది పక్కన పెడదాం. నాకు అర్థమైనంతలో ఆ పోరాటంలో అసలు ప్రశ్న ధైర్యం ఉందా లేదా అన్నది కాదు. హక్కు అడిగిన మరుసటి రోజు ఇంట్లో పొయ్యి వెలుగుతుందా లేదా అన్నది.

హేమర్ కథే చూడండి. 1962 ఆగస్టు 31న పద్దెనిమిది మంది ఒక పాత బస్సులో ఇండియనోలా కోర్టుకు పోయారు, ఓటరుగా పేరు రాయించుకోవడానికి. మిసిసిపి రూలు ప్రకారం రిజిస్ట్రార్ రాష్ట్ర రాజ్యాంగంలో ఏదో ఒక సెక్షన్ చూపిస్తాడు, దాన్ని రాసి, అర్థం చెప్పాలి. ఆ రాజ్యాంగంలో 280కి పైగా సెక్షన్లు. ఏది ఇవ్వాలో అతని ఇష్టం, చెప్పిన అర్థం సరిగ్గా ఉందా లేదా అన్నదీ అతని ఇష్టమే. తెల్లవాళ్ళకు ఒక లైన్‌ది ఇచ్చి, నల్లవాళ్ళకు లాయర్లు కూడా తల గోక్కునేది ఇవ్వొచ్చు. హేమర్‌కు వచ్చింది అలాంటి సెక్షనే. ఫెయిల్. మన ఆఫీసుల్లో 'రేపు రా' అనే మాట విన్నవాళ్ళకు ఈ టేబుల్ ఎలా ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు, కాకపోతే అక్కడ ఆ మాటనే పరీక్ష పేపరుగా అచ్చు వేయించారు.

తిరిగి వస్తుంటే పోలీసులు బస్సు ఆపారు. నేరం ఏంటంటే బస్సు రంగు మరీ పసుపుగా ఉందట, స్కూల్ బస్సు అనుకునేలా ఉందట. డ్రైవర్‌కు జరిమానా వేస్తే లోపలున్నవాళ్ళు చిల్లర పోగేసి కట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఇది.

ఇంటికి చేరేలోపే యజమానికి కబురు అందింది. పేరు వెనక్కి తీసుకో, లేకపోతే ఇల్లు ఖాళీ చెయ్ అన్నాడు. నేను నా కోసం పోయాను గానీ మీ కోసం పోలేదు కదా అందట ఆమె. ఆ రాత్రే గడప దాటాల్సి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ చాకిరీ. భర్తను మాత్రం పత్తి ఏరడం అయిపోయేదాకా ఉండాల్సిందే అని ఆపేశారు, చేతికొచ్చిన పంట వదులుకోరుగా. పది రోజులకు ఆమె తలదాచుకున్న ఇంటి మీద పదహారు తూటాలు పేల్చారు. అయినా రెండోసారి పరీక్ష రాసి 1963 జనవరిలో పాసైంది. పాసయ్యాక ఓటు వేయబోతే పోల్ ట్యాక్స్, అంటే ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను, దాని రసీదులు రెండేళ్ళవి ఉండాలి, నీ దగ్గర లేవు అన్నారు. నల్లా కూడా లేని ఇంటికి 9,000 డాలర్ల నీళ్ళ బిల్లు పంపారని ఆమె తర్వాత చెప్పుకుంది.

ఇదంతా ఎవడో ఒక యజమాని కోపంలో చేసిన పని కాదు. పద్ధతి ప్రకారం జరిగింది. 1954లో స్కూళ్ళలో తెల్ల నల్ల పిల్లలను వేరు చేయడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వగానే, అదే ఇండియనోలా పట్నంలో వైట్ సిటిజన్స్ కౌన్సిల్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ముసుగులేసుకుని మంటలు పెట్టే కు క్లక్స్ క్లాన్ బ్యాచ్ వేరే, వీళ్ళు బ్యాంకు మేనేజర్లు, జిన్నింగ్ మిల్లుల ఓనర్లు, షాపుల వాళ్ళు, పెద్దమనుషులు. వీళ్ళ ఆయుధం పర్సు. 1955లో యాజూ సిటీలో 53 మంది నల్ల తల్లిదండ్రులు పిల్లలందరినీ ఒకే స్కూల్లో చదివించాలని అర్జీ మీద సంతకాలు పెట్టారు. కౌన్సిల్ వాళ్ళు ఆ పేర్లన్నీ పెద్ద అక్షరాలతో పేపర్లో ప్రకటనగా వేయించారు. బెదిరింపు మాట ఒక్కటి లేదు అందులో. అవసరం ఏముంది? కొలువులు పోయాయి, కిరాణా కొట్లో ఉద్దెర ఆగింది, డబ్బులిచ్చి కొంటామన్నా సరుకు ఇవ్వలేదు. దాదాపు అందరూ పేర్లు తీసేయించుకున్నారు, తీసేయించుకున్నవాళ్ళకు కూడా పోయిన పని తిరిగి రాలేదు. ఓటు కోసం దరఖాస్తు చేసినవాళ్ళ పేర్లు రెండు వారాలు పేపర్లో వేయాలని 1962లో మిసిసిపి ఏకంగా చట్టమే చేసింది. పారదర్శకత అన్నమాట!

లెఫ్లోర్ కౌంటీ సంగతి ఇంకా ఘోరం. గ్రీన్‌వుడ్ పట్నంలో నల్లజాతి హక్కుల కోసం పనిచేసే విద్యార్థి సంఘం వాళ్ళు వచ్చి ఓటరు నమోదు మొదలుపెట్టారు. పత్తి పనులు అయిపోయాక చలికాలం అంతా అక్కడి పేదలు బతికేది ప్రభుత్వం ఇచ్చే ఉచిత బియ్యం, పిండి, జున్ను మీద. 1962 చివర్లో కౌంటీ బోర్డు ఆ పంపిణీ ఆపేసింది. దాదాపు 22,000 మందికి. అంటే ఊళ్ళో ఎవరో నలుగురు పేరు రాయించుకోవడానికి పోతే జిల్లా మొత్తం రేషన్ బంద్. నన్నడిగితే లాఠీ కంటే ఇది తెలివైన పని. కొట్టించుకున్నవాడి మీద జాలి వస్తుంది. వాడి వల్ల రేషన్ ఆగిందంటే పక్కింటివాడే వాడిని తిడతాడు. కానీ అక్కడ లెక్క తప్పింది. ఉత్తరాది నగరాల నుంచి లారీల్లో, విమానంలో తిండి గింజలు వచ్చాయి, వాటిని పంచే చోట లైన్లో నిలబడ్డవాళ్ళకు ఈ తిండి ఎందుకు ఆగిందో కార్యకర్తలు విడమరచి చెప్పారు, అప్పటిదాకా రిజిస్ట్రేషన్ మాట ఎత్తితే తలుపేసుకున్నవాళ్ళు కోర్టు ముందు వరస కట్టడం మొదలుపెట్టారు. పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్చకపోతే మనిషి ఏం చేస్తాడన్నది బోర్డు వాళ్ళు ఆలోచించినట్టు లేదు.

ఇది చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. ఆయన ఊళ్ళో దొర దగ్గర జీతగాడు. వానకాలం మొదట్లో ఇంట్లో గింజలు అయిపోతే దొర గరిసెలో నుంచి నాగు, అంటే గింజల అప్పు, తెచ్చుకునేవాళ్ళు, పంటకు ఒకటికి ఒకటిన్నర కొలవాలి, కొలిచాక మిగిలేది మళ్ళీ ఎండాకాలం దాకా రాదు, మళ్ళీ నాగు. నలభైల్లో సంఘపోళ్ళు, అంటే దొరల మీద పోరాడిన ఆంధ్ర మహాసభ వాళ్ళు, మా ఊరికీ వచ్చారట, గుట్ట కింద రాత్రి మీటింగులు పెట్టారట. తాత పోలేదు. మా చిన్నాయన ఒకసారి దీని మీద గట్టిగానే అన్నాడు, అందరూ పోతే నువ్వెందుకు పోలేదని. తాత ఏమీ అనలేదు గానీ నాయనమ్మ అందుకుంది: "సంఘపోళ్ళు రాత్రి వొచ్చి పొద్దుగాల్ల పోతరు బిడ్డా, మనం ఈడనే ఉండాలె గద. గింజలు ఆని గరిసెల ఉన్నయ్." ఆమె మాటలో పిరికితనం ఉందని నాకైతే అనిపించలేదు. యాజూ సిటీలో పేరు తీసేయించుకున్న తల్లి కూడా ఇంచుమించు ఇదే అని ఉంటుంది.

మన దగ్గర ఈ ముడి విప్పినవాళ్ళు లేకపోలేదు. పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ మనందరికీ తెలుసు, కానీ అందులో ఒక చిన్న విషయం మీద మనం ఆగం. ఆమె కౌలుకు పట్టిన భూమి విసునూరు దేశ్‌ముఖ్‌ది కాదు, మల్లంపల్లి వాళ్ళది. అంటే అతని పెరట్లో బతుకుతూనే అతని గింజ మీద ఆధారపడని చిన్న చోటు ఒకటి సంపాదించుకుంది. దేశ్‌ముఖ్ మంటంతా దాని మీదే, పంట కోసుకుపోవడానికి మనుషులను పంపింది అందుకే. సంఘం వాళ్ళు కర్రలు పట్టుకుని కాపలా కాసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చడం మొత్తం తెలంగాణ రైతాంగ పోరాటానికే మలుపు అయ్యింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు, తర్వాత జరిగింది వరంగల్ నల్లగొండ జిల్లాల్లో ఏ ముసలివాళ్ళను అడిగినా చెబుతారు.

ఓటు విషయంలో మాత్రం మనం వాళ్ళకంటే అదృష్టవంతులం. 1952లో మా తాత, నాయనమ్మ ఇద్దరూ ఓటేశారు. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. ఎవరూ రాజ్యాంగం సెక్షన్ చదివి అర్థం చెప్పమనలేదు. దేశంలో నూటికి 18 మందికే చదువు వచ్చిన రోజుల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, డబ్బా మీద గుర్తు, నచ్చిన దాంట్లో కాగితం వేసి రావడమే. వరంగల్ నుంచి పీడీఎఫ్ (కమ్యూనిస్టుల పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున పెండ్యాల రాఘవరావు పార్లమెంటుకు గెలిచారు, అప్పటిదాకా ఆయన జైల్లోనో అజ్ఞాతంలోనో బతికిన మనిషి. అదే ఏడాది మిసిసిపిలో కాలేజీ డిగ్రీ ఉన్న నల్ల టీచర్‌కు కూడా ఓటు దొరకడం గగనం. కానీ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ముందే చెప్పారు కదా, రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం, ఈ రెంటి మధ్య వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని. ఓటేసి వచ్చిన మా తాత సాయంత్రం మళ్ళీ దొర కొట్టంలో పశువులకు మేత వేయడానికే పోయాడు.

కులమూ జాతీ ఒకటేనా అని ఎవరైనా వాదన పెట్టుకుంటారేమో, ఒకటని నేననడం లేదు. అంబేద్కర్ 1946లో అమెరికా నల్లజాతి మేధావి డ్యుబోయిస్‌కు ఉత్తరం రాశారు, నల్లజాతి వాళ్ళు ఐక్యరాజ్య సమితికి ఇవ్వబోతున్న అర్జీ ప్రతులు పంపమని, అంటరానివాళ్ళ తరఫున అలాంటిదే ఆలోచిస్తున్నామని. 1959లో కింగ్ దంపతులు మన దేశం వచ్చినప్పుడు త్రివేండ్రం స్కూల్లో ప్రిన్సిపాల్ ఆయనను సాటి అంటరానివాడని పరిచయం చేస్తే ముందు ఉలిక్కిపడి, తర్వాత అవును నేనూ అదే అనుకున్నానని కింగ్ చెప్పారు. పోలిక చూసింది వాళ్ళే, నేను వాళ్ళ వెనక నడుస్తున్నా.

ఇక అసలు సంగతికి వస్తా. గింజ వాళ్ళ చేతిలో ఉంటే ఎవరు ముందు నిలబడగలరు? ఆ ఉద్యమంలో ఊరూరా మొదట కనిపించే మనుషుల పనులేంటో చూస్తే జవాబు దొరుకుతుంది. క్షౌరశాల నడిపేవాళ్ళు, బ్యూటీ పార్లర్ ఆడవాళ్ళు, శవాలకు అంత్యక్రియలు చేయించే వ్యాపారులు, చర్చి పాస్టర్లు, సొంత చెలక ఉన్న చిన్న రైతులు. తెల్లవాళ్ళు నల్లవాళ్ళ జుట్టు కత్తిరించరు, వాళ్ళ శవాలను ముట్టుకోరు. ఆ వివక్ష వల్లే ఇలాంటి పనులు నల్లవాళ్ళకు మిగిలాయి, వీటి గిరాకీ అంతా నల్లవాళ్ళే, కాబట్టి వాళ్ళను ఏ తెల్లాయనా కొలువు నుంచి తీసేయలేడు.

సౌత్ కరోలినాలో సెప్టిమా క్లార్క్ అనే టీచరమ్మ ఉండేది. 1898లో పుట్టింది, తండ్రి బానిసగా పుట్టినవాడు. నలభై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పింది. 1956లో ఆ రాష్ట్రం నల్లజాతి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీలో సభ్యులైనవాళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేయకూడదని చట్టం తెచ్చింది. చాలామంది పేరు దాచుకున్నారు. ఆమె దాచలేదు, ఉద్యోగం ఊడింది, పెన్షన్ కూడా పోయింది. తోటి టీచర్లు 700 మందికి పైగా ఉత్తరాలు రాసింది, కలిసి నిలబడదామని. జవాబిచ్చింది 26 మంది. ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే నేనూ స్టాఫ్‌రూముల్లో కూర్చున్నవాడినే, మన దగ్గరైతే 26 వస్తాయా అని.

తర్వాత ఆమె హైలాండర్‌లో చేరి, 1957 జనవరిలో జాన్స్ ఐలాండ్ అనే చోట పెద్దలకు రాత్రి బడి పెట్టించింది. అక్కడ ఈసా జెంకిన్స్ అని ఒకాయన కూలీలను చార్లెస్టన్ పట్నానికి తన బస్సులో తీసుకుపోయేవాడు, పోతూ పోతూ దారిలో వాళ్ళతో ఓటు పరీక్షకు వచ్చే రాజ్యాంగం పంక్తులు వల్లె వేయించేవాడు. వల్లె వేస్తే సరిపోదు, చదవడం రావాలి అన్నారు వాళ్ళే. అందుకే ఆ బడి. ముందు కిరాణా కొట్టు, వెనక గది, బయటివాళ్ళకు కొట్టు మాత్రమే కనిపించాలని. టీచర్‌గా ఎవరిని పెట్టారంటే బెర్నిస్ రాబిన్సన్ అనే బ్యూటీషియన్‌ను. ఆమె నేను టీచర్‌ను కాదు మొర్రో అంది, అందుకే నువ్వు కావాలి అన్నారు. చదువుకున్నామన్న బడాయి ఉండదు, పైగా పార్లర్ ఆమె సొంతం, ఎవరూ పీకేయలేరు. మొదటి రాత్రి 14 మంది వచ్చారు. మీకేం నేర్చుకోవాలని ఉంది అని అడిగింది. పేరు రాయడం, మనీ ఆర్డర్ ఫారం నింపడం, బైబిల్ చదవడం, కొడుకు పంపిన ఉత్తరం ఇంకొకరి చేత చదివించుకోకుండా చదవడం. పుస్తకం వాళ్ళ అవసరాల్లోంచే తయారైంది. కొన్ని నెలలకు వాళ్ళలో చాలామంది ఓటర్లయ్యారు. ఆ బడులు దక్షిణ రాష్ట్రాలంతా వందల సంఖ్యలో పెరిగాయి. మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో పెట్టినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, ముందు చదువుకునే గది ఒకటుంటే తర్వాతివి వాటంతట అవే ఆ గదిలోకి వస్తాయని వాళ్ళకు తెలుసు.

హేమర్ కూడా ఈ బడుల మనిషే. 1963 జూన్‌లో సౌత్ కరోలినాలో శిక్షణ ముగించుకుని బస్సులో తిరిగి వస్తుంటే వినోనా బస్టాండులో అరెస్టు చేసి, జైల్లో ఇద్దరు నల్ల ఖైదీల చేతనే ఆమెను కొట్టించారు. కిడ్నీ దెబ్బతింది, నడక చివరిదాకా సరిగ్గా రాలేదు. ఆ కొట్టించిన పద్ధతి చూడండి. దీని గురించి ఇంకా రాయను.

మాంట్‌గోమరీ బస్సుల సంగతిలో కూడా నాకు నచ్చిన మనిషి జార్జియా గిల్మోర్. హోటల్లో వంట చేసేది. కింగ్ మీద కేసులో సాక్ష్యం చెప్పినందుకు పని పోయింది. ఇంట్లోనే వంట మొదలుపెట్టింది, తోటి వంటమనుషులను కూడగట్టి చికెన్, కేకులు, పైలు చేసి అమ్మించి, వచ్చిన డబ్బు ఉద్యమం వాళ్ళ కార్లకు పెట్రోలు కోసం ప్రతి వారం ఇచ్చేది. ఎక్కడి నుంచి వచ్చాయమ్మా ఈ డబ్బులు అంటే 'ఎక్కడి నుంచీ రాలేదు' అనేవాళ్ళు, ఆ గుంపు పేరే అది. వండింది ఎవరో తెలిస్తే తెల్లవాళ్ళ ఇళ్ళలో వాళ్ళ పనులు పోతాయి మరి. కొన్నవాళ్ళలో తెల్లవాళ్ళు కూడా ఉన్నారు, కేకు బాగుంటే డబ్బు ఎటు పోతుందో ఎవరడుగుతారు.

కొలువు పోతుందన్న భయం అందరికంటే ఎక్కువ ఉన్నది టీచర్లకే. జీతమిచ్చేది తెల్ల బోర్డు. అందుకే సెల్మాలో 1965 జనవరి 22న జరిగింది నాకు ఆ వంతెన మీద జరిగినదానికంటే తక్కువేం కాదు. సెల్మా ఉన్నది డల్లస్ కౌంటీలో, మన హనుమకొండ పిల్లలు అపార్టుమెంట్లు వెతుక్కునే టెక్సాస్ డల్లస్ కాదు, ఇది అలబామా. ఓటు హక్కు వయసున్న నల్లవాళ్ళు దాదాపు 15,000, జాబితాలో ఉన్నది మూడు వందల పైచిలుకు. రిజిస్ట్రార్ ఆఫీసు నెలలో రెండే రోజులు తెరుస్తారు. ఆ రోజు స్కూల్ వదిలాక వంద మందికి పైగా నల్ల టీచర్లు, ఎఫ్.డి. రీస్ అనే టీచర్ ముందు నడవగా, కోర్టు మెట్లు ఎక్కారు. చేతుల్లో టూత్‌బ్రష్‌లు, జైలుకు పోవడానికి రెడీ అని. షెరీఫ్ జిమ్ క్లార్క్ వాళ్ళను మెట్ల మీద నుంచి నెట్టించాడు, మళ్ళీ ఎక్కారు, మళ్ళీ నెట్టించాడు. అరెస్టు మాత్రం చేయలేకపోయాడు, ఊరి పిల్లలందరి టీచర్లనూ లోపలేస్తే మర్నాడు బడుల్లో పాఠం చెప్పేదెవరు? మా సార్లు కూడా నడిచారు అని పిల్లలు ఊగిపోయారు. తర్వాత అంత్యక్రియల వ్యాపారులు ఒక ఊరేగింపు, బ్యూటీషియన్లు ఒక ఊరేగింపు తీశారని రీస్ చెప్పేవారు. మార్చి 7న ఓటు హక్కు కోసం నడిచినవాళ్ళ మీదికి వంతెన దగ్గర వచ్చిన పోలీసుల లాఠీలు, గుర్రాలు, గ్యాసు టీవీలో ప్రపంచమంతా చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది, అక్షరాస్యత పరీక్షలు ఆ రాష్ట్రాల్లో ఆగిపోయాయి. మిసిసిపిలో నూటికి ఏడుగురు కూడా లేని నల్ల ఓటర్లు 1967కి దాదాపు 60 మంది అయ్యారు. ఆ చట్టంలో కీలకమైన భాగం, ఓటింగ్ రూల్స్ మార్చాలంటే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్నది, 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో పనిచేయకుండా పోయింది, అది ఇంకో పోస్టు అవుతుంది.

చట్టం వచ్చాక ఏమైందో చెప్పకపోతే నేను చెప్పినదంతా సగమే. సెల్మా పక్కనే లౌన్డెస్ కౌంటీలో 1965 చివర్లో, ఓటరుగా చేరినందుకు ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టిన కుటుంబాలు రోడ్డు పక్కన గుడారాలు వేసుకుని బతికాయి. చట్టం వచ్చి అయిదు నెలలైనా కాలేదు. పత్తి ఏరే మిషన్లు, కలుపు మందులు వచ్చాక అసలు కూలీలే అక్కర్లేదన్నారు భూస్వాములు. హేమర్ అప్పుడు పందులు పెంచడం మొదలుపెట్టింది. ఆశ్చర్యపోకండి. 1968లో కొన్ని పదుల పందులతో ఒక 'బ్యాంకు' పెట్టింది, ఒక కుటుంబానికి చూలు పందిని ఇస్తారు, పిల్లలు పుట్టాక రెండింటిని బ్యాంకుకు తిరిగి ఇవ్వాలి, అవి ఇంకో కుటుంబానికి. మరుసటి ఏడాది నలభై ఎకరాలు కొని ఫ్రీడమ్ ఫార్మ్ అని సహకార వ్యవసాయం మొదలుపెట్టింది, తర్వాత ఇంకో 640 ఎకరాలు కలిశాయి. బెండకాయ, చిక్కుడు, చిలగడదుంప, కొంత పత్తి. ఇంట్లో తినడానికి సరిపడా ఉంటే నిన్ను ఎవరూ నెట్టేయలేరు అన్నది ఆమె లెక్క. దేశ రాజకీయాలు చూసి వచ్చిన మనిషి, 1964లో డెమోక్రాట్ల మహాసభలో ఆమె సాక్ష్యం టీవీలో వస్తుంటే ప్రెసిడెంట్ జాన్సన్ హడావుడిగా ప్రెస్ మీట్ పెట్టి కెమెరాలను తనవైపు తిప్పుకున్నాడు, అంత మనిషి తిరిగి ఊరికి వచ్చి పందులు లెక్కపెట్టుకుంది. నాకు ఆమె చేసిన వాటన్నిటిలో ఇదే పెద్ద పని అనిపిస్తుంది, దీని గురించే తక్కువ రాస్తారు.

అది నిలబడలేదు. వరదలు, కరువు, విరాళాలు తగ్గడం, భూమి కిస్తీలు కట్టలేకపోవడం. డెబ్బైల మధ్యకు వచ్చేసరికి భూమి పోయింది. 1977లో ఆమె చనిపోయింది. సహకార సంఘం ఎందుకు మునుగుతుందో మన జిల్లాల్లో వాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది.

కింగ్ కూడా చివరికి వచ్చింది ఈ దారికే. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో వానకు తలదాచుకుందామని చెత్త లారీ వెనకకు ఎక్కిన ఇద్దరు సఫాయి కార్మికులు, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్, చెత్తను నలిపే మిషన్ పాడైపోయి అందులో నలిగి చనిపోయారు. 1,300 మంది సమ్మెకు దిగారు. పూర్తి టైం పని చేస్తూ కూడా ప్రభుత్వ సాయం మీద బతకాల్సిన జీతాలు వాళ్ళవి. మెడలో అట్టలు వేసుకుని నడిచారు, 'నేను మనిషిని' అని రాసి. వాళ్ళకు తోడుగా వచ్చిన కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. పన్నెండు రోజుల తర్వాత నగరం యూనియన్‌ను గుర్తించింది, కొంచెం కూలి పెంచింది. పెన్షన్ లెక్క మాత్రం సరిగ్గా తేలలేదు, అందువల్ల ఆ సమ్మె చేసినవాళ్ళలో కొందరు ముసలితనంలో కూడా పని మానలేకపోయారు. 2017లో నగరం బతికున్న కొద్దిమందికి తలా 50,000 డాలర్లు ఇస్తామని ప్రకటించే నాటికి, వాళ్ళలో ఒకాయన 80 దాటి కూడా ఇంకా చెత్త లారీ నడుపుతూనే ఉన్నాడు.